అమెరికా అధ్యక్ష అభ్యర్థి ఎంపికను డెలిగేట్ల లెక్కతో అనుసరించడం ఎలా?

అమెరికాలో అధ్యక్ష ఎన్నికల సంవత్సరం మొదలైన ప్రతిసారీ పాఠకులు దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. అయోవాలో గెలిచినవారే పార్టీ అభ్యర్థి అయిపోయినట్టా? మూడో వంతు ఓట్లైనా రాని వ్యక్తి ఒక రాష్ట్రంలోని డెలిగేట్లందరినీ (పార్టీ సదస్సులో ఓటు వేసే ప్రతినిధులను) ఎలా దక్కించుకున్నారు? మరో చోట ఇరవై శాతం తేడాతో ఓడిన వ్యక్తికి గెలిచినవారితో సమానంగా డెలిగేట్లు ఎలా వచ్చారు? మన దగ్గర పార్టీ అధిష్ఠానం బి-ఫారం చేతికిస్తే అభ్యర్థి ఖరారైనట్టే. అమెరికాలో అలా ఇవ్వగల అధికారం ఏ ఒక్కరికీ లేదు. జనవరి నుంచి జూన్ వరకు రాష్ట్రాలవారీగా జరిగే ప్రైమరీలు (మామూలు పోలింగ్), పార్టీ సమావేశాల్లో ఓటు వేసే కాకస్‌లలో పోగయ్యే డెలిగేట్లు వేసవిలో పార్టీ జాతీయ సదస్సులో ఓటు వేస్తారు, వారిలో సగానికి పైగా ఎవరి వైపు ఉంటే వారే అభ్యర్థి. కాబట్టి టీవీలో కనిపించే ఓట్ల శాతం ముడిసరుకు మాత్రమే, అసలు ఫలితం డెలిగేట్ల సంఖ్య. ఆ సంఖ్యను ఎవరి విశ్లేషణపైనా ఆధారపడకుండా మీరే వేసుకునే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. అమెరికా పౌరసత్వం పొంది మొదటిసారి ప్రైమరీలో ఓటు వేయబోయేవారికి అవసరమైన జాగ్రత్తలను చివరి మెట్టులో ఇచ్చాను.

కావలసినవి

- మీరు అనుసరించదలచిన పార్టీ ఆ ఎన్నికకు ప్రకటించిన రాష్ట్రాలవారీ తేదీల పట్టిక, డెలిగేట్ల సంఖ్య.
- ఒక్కో రాష్ట్రంలో డెలిగేట్లను పంచే నిబంధన. దీన్ని రాష్ట్ర పార్టీ శాఖ ప్రకటిస్తుంది.
- రాష్ట్ర ఎన్నికల అధికారి ఫలితాల పేజీ. చాలా రాష్ట్రాల్లో ఇది సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయానిది.
- కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) నియోజకవర్గాలవారీ ఫలితాలు. రాష్ట్రం మొత్తం ఫలితం ఒక్కటే చూస్తే లెక్క కుదరదు.
- ఒక నోటుపుస్తకం లేదా ఎక్సెల్ షీటు, ఒక కాలిక్యులేటర్.

గణితంలో హెచ్చవేత, భాగహారం తెలిస్తే చాలు. ఓపిక మాత్రం కాస్త ఎక్కువే కావాలి, ఎందుకంటే యాభై రాష్ట్రాలతో పాటు రాజధాని వాషింగ్టన్, ప్యూర్టోరికో, గ్వామ్ వంటి ప్రాంతాలు కూడా డెలిగేట్లను పంపుతాయి, రెండు పార్టీల నిబంధనలు వేర్వేరు, ఒకే పార్టీలో రాష్ట్రానికో తీరు.

1. లక్ష్య సంఖ్యను మొదటి పేజీలో రాసుకోండి

ప్రతి పార్టీకి ప్రతి ఎన్నికలోనూ ఈ సంఖ్య మారుతుంది. 2024లో రిపబ్లికన్ పార్టీ మొత్తం డెలిగేట్లు 2,429 మంది కాగా అభ్యర్థిత్వానికి 1,215 మంది అవసరమయ్యారు. 2016లో అదే పార్టీకి 2,472 మంది ఉండగా లక్ష్యం 1,237. డెమోక్రటిక్ పార్టీకి 2020లో ప్రజల ఓటు ద్వారా నిర్ణయమైన డెలిగేట్లు 3,979 మంది, సదస్సులో మొదటి విడత ఓటింగ్‌లో గెలవడానికి కావలసినవారు 1,991 మంది.

డెమోక్రటిక్ పార్టీ విషయంలో ఒక హెచ్చరిక అవసరం. ఆ పార్టీ ఎంపీలు, గవర్నర్లు, జాతీయ కమిటీ సభ్యులు వంటి నాయకులు హోదా వల్లే డెలిగేట్లవుతారు. పత్రికలు వీరినే సూపర్ డెలిగేట్లు అంటాయి. 2020లో వీరు 771 మంది. 2018లో చేసిన మార్పు ప్రకారం, ఫలితం ముందే తేలిపోయిన సందర్భంలో తప్ప, వీరు మొదటి విడతలో ఓటు వేయడానికి వీల్లేదు. అందువల్ల మీ పట్టికలో వీరికి వేరే వరుస కేటాయించండి, మొదటి విడత లెక్కలో కలపకండి. 2016 నాటి పాత వ్యాసాలు చదివి ఈ రెండింటినీ కలిపేసేవారు ఇప్పటికీ చాలామంది ఉన్నారు.

2. ఆ ఓటింగ్‌కు డెలిగేట్లతో సంబంధం ఉందో లేదో ముందే చూడండి

ప్రైమరీ అని పేరున్న ప్రతి ఓటింగ్‌లోనూ డెలిగేట్లు రారు. దీనికి నెవాడా మంచి ఉదాహరణ. 2024 ఫిబ్రవరి 6న అక్కడ రాష్ట్ర ప్రభుత్వం రిపబ్లికన్ ప్రైమరీ నిర్వహించింది, పార్టీ మాత్రం తన డెలిగేట్లను ఫిబ్రవరి 8న జరిపిన కాకస్ ఆధారంగానే ఇస్తానని ముందే ప్రకటించింది. నిక్కీ హేలీ ప్రైమరీలో నిలబడ్డారు, డొనాల్డ్ ట్రంప్ కాకస్‌లో నిలబడ్డారు. ప్రైమరీ బ్యాలట్‌పై ఉన్న ‘వీరెవరూ కాదు’ అనే ఎంపికకు హేలీకంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి, ఆ వార్త ప్రపంచమంతా తిరిగింది. డెలిగేట్ల పుస్తకంలో మాత్రం ఆ రోజు రాయవలసిన అంకె సున్నా. రెండు రోజుల తర్వాత కాకస్‌లో రాష్ట్రపు 26 మంది డెలిగేట్లూ ట్రంప్ ఖాతాలో చేరారు.

డెమోక్రటిక్ పార్టీలోనూ ఇలాంటిదే జరిగింది. 2024కు సౌత్ కెరొలైనాను మొదటి స్థానంలో పెట్టాలని జాతీయ కమిటీ నిర్ణయించగా, న్యూ హాంప్‌షైర్ తన సంప్రదాయాన్ని వదలకుండా జనవరి 23నే ప్రైమరీ జరిపింది. జో బైడెన్ పేరు బ్యాలట్‌పై లేకపోయినా ఓటర్లు ఆయన పేరును చేత్తో రాసి గెలిపించారు. నిబంధన ఉల్లంఘించినందుకు ఆ ఫలితానికి డెలిగేట్లు ఉండరని పార్టీ ముందే హెచ్చరించింది. తేదీ, ప్రైమరీయా కాకసా అన్న వివరంతో పాటు, ‘డెలిగేట్లు ఉన్నారా’ అన్న గడి కూడా మీ పట్టికలో తప్పక ఉండాలి.

3. రిపబ్లికన్ రాష్ట్రమైతే పంపిణీ ఏ రకమో గుర్తించండి

రిపబ్లికన్ పార్టీ ఈ విషయంలో రాష్ట్ర శాఖలకు చాలా స్వేచ్ఛ ఇచ్చింది. స్థూలంగా మూడు రకాలు కనిపిస్తాయి.

మొదటిది ఓట్ల నిష్పత్తిలో పంచడం. 2024 జనవరి 15న జరిగిన అయోవా కాకస్‌ను తీసుకుని కాలిక్యులేటర్‌తో మీరే వేసి చూడండి. మొత్తం డెలిగేట్లు 40 మంది, కనీస శాతం అనే గీత లేదు. ట్రంప్‌కు 51 శాతం వచ్చింది కాబట్టి 40ని 0.51తో హెచ్చిస్తే 20.4, అంటే 20. రాన్ డిశాంటిస్‌కు 21.3 శాతం, లెక్క 8.52, అంటే 9. హేలీకి 19.1 శాతం, లెక్క 7.64, అంటే 8. వివేక్ రామస్వామికి దాదాపు 7.7 శాతం, లెక్క 3.08, అంటే 3. నాలుగూ కూడితే సరిగ్గా 40. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. ఆ రాత్రి తొలి వార్తల్లో డిశాంటిస్ శాతం 21.2గా కనిపించింది. ఆ అంకెతో హెచ్చిస్తే 8.48 వచ్చి, దాన్ని 8గా సవరిస్తే మొత్తం 39 దగ్గరే ఆగిపోతుంది. ఒక దశాంశ స్థానం దగ్గర గుండ్రం చేసిన శాతాలతో పని చేస్తే ఒక డెలిగేట్ ఇలా జారిపోవచ్చు. కాబట్టి వీలైనప్పుడల్లా శాతాలను కాక ఓట్ల సంఖ్యనే వాడండి.

రెండోది షరతుతో కూడిన నిష్పత్తి. ఎవరికైనా 50 శాతం దాటితే మొత్తం వారికే, దాటకపోతే పంపకం. కాలిఫోర్నియాలో 2024 మార్చి 5న ట్రంప్ సగానికి పైగా ఓట్లు తెచ్చుకోవడంతో 169 మందీ ఆయనకే దక్కారు. అదే రోజు వెర్మాంట్‌లో హేలీ గెలిచినా ఆమె ఓట్లు 50 శాతానికి కొంచెం దిగువన ఆగాయి. ఫలితంగా 17 మందిలో ఆమెకు 9, ట్రంప్‌కు 8 వచ్చారు. గీత దాటి ఉంటే పదిహేడూ ఆమెవే. ఇలాంటి రాష్ట్రాల్లో ఎవరు గెలిచారన్న ప్రశ్నకంటే గీత దాటారా లేదా అన్న ప్రశ్నే ముఖ్యం.

మూడోది గెలిచినవారికే అన్నీ. 2024లో ఫ్లోరిడా తన 125 మందినీ ఇలాగే ఇచ్చింది. మార్చి 15కు ముందు జరిగే పోటీలు ఏదో ఒక రూపంలో నిష్పత్తి పద్ధతినే పాటించాలని పార్టీ జాతీయ నిబంధన, అయితే అయోవా, న్యూ హాంప్‌షైర్, సౌత్ కెరొలైనా, నెవాడాలకు మినహాయింపు ఉంది. ఆ మినహాయింపు వల్లే సౌత్ కెరొలైనా ఫిబ్రవరిలోనే గెలిచినవారికి పెద్దపీట వేయగలుగుతోంది. అక్కడ 50 మందిలో 29 మంది రాష్ట్రవ్యాప్త విజేతకు వెళ్తారు, మిగిలిన 21 మందిని ఏడు కాంగ్రెస్ నియోజకవర్గాలకు ముగ్గురి చొప్పున ఆయా నియోజకవర్గ విజేతకు ఇస్తారు. 2016లో ట్రంప్‌కు వచ్చిన ఓట్లు 32.5 శాతమే, కానీ ఆయన రాష్ట్రంలోనూ ప్రతి నియోజకవర్గంలోనూ మొదటి స్థానంలో ఉన్నందున యాభై మందీ ఆయనకే దక్కారు. 2024లో ఆయనకు దాదాపు 60 శాతం ఓట్లు వచ్చినా 47 మందే దక్కారు, ఎందుకంటే చార్ల్‌స్టన్ ప్రాంతంలోని ఒకటో నియోజకవర్గాన్ని హేలీ గెలుచుకున్నారు. ఓట్లు దాదాపు రెట్టింపైనా డెలిగేట్లు తగ్గారు. నియోజకవర్గాల ఫలితాలు చూడకుండా ఈ తేడా ఎవరికీ అర్థం కాదు.

4. డెమోక్రటిక్ రాష్ట్రమైతే 15 శాతం గీతతో మొదలుపెట్టండి

ఈ పార్టీ అన్ని రాష్ట్రాల్లోనూ నిష్పత్తి పద్ధతినే పాటిస్తుంది. అయితే 15 శాతం ఓట్లు రాని అభ్యర్థికి ఏమీ రాదు. ఈ గీతను రాష్ట్రం మొత్తానికి ఒకసారి, ప్రతి నియోజకవర్గానికి విడిగా మరోసారి వర్తింపజేస్తారు. లెక్క వేసే క్రమం ఇది.

మొదట 15 శాతం దాటనివారి పేర్లు కొట్టేయండి. మిగిలినవారి ఓట్లు మాత్రమే కూడి దాన్నే కొత్త మొత్తంగా తీసుకోండి. ఆ మొత్తంలో ఒక్కొక్కరి వాటాను డెలిగేట్ల సంఖ్యతో హెచ్చించండి. దశాంశానికి ముందున్న పూర్ణసంఖ్యను ముందు పంచి, మిగిలిన స్థానాలను దశాంశ భాగం ఎవరికి పెద్దదో వారికి వరుసగా ఇవ్వండి.

ఊహాత్మకంగా ఒక నియోజకవర్గానికి ఆరుగురు డెలిగేట్లు ఉన్నారనుకోండి. మొదటి అభ్యర్థికి 48 శాతం, రెండో అభ్యర్థికి 30, మూడో అభ్యర్థికి 14, మిగతా చిన్నాచితకా అభ్యర్థులకు 8 శాతం. మూడో అభ్యర్థి గీత దిగువనే ఉండిపోయారు. కొత్త మొత్తం 78. మొదటివారి వాటా 48 బై 78, దాన్ని ఆరుతో హెచ్చిస్తే 3.69. రెండోవారిది 2.31. పూర్ణసంఖ్యలు మూడు, రెండు. మిగిలిన ఒక్కటి 0.69 ఉన్న మొదటివారికి. ఫలితం 4, 2. చాలామంది చేసే తప్పు ఏమిటంటే, 15 శాతం గీతను కూడా కొట్టివేత తర్వాతి మొత్తంపై చూడడం. గీతను మొదటి మొత్తంపైనే చూడాలి, వాటాను మాత్రం కొత్త మొత్తంపై లెక్కించాలి.

రెండు స్థాయిల గీత ఎలా పనిచేస్తుందో 2024 మిషిగన్ డెమోక్రటిక్ ప్రైమరీ చక్కగా చూపిస్తుంది. గాజా యుద్ధంపై బైడెన్ విధానానికి నిరసనగా లక్ష మందికి పైగా ఓటర్లు ‘ఎవరికీ కట్టుబడలేదు’ అనే ఎంపికకు ఓటు వేశారు. రాష్ట్రం మొత్తంలో అది 13.2 శాతం, అంటే గీత దాటలేదు. కానీ డియర్‌బోర్న్, ఆన్ ఆర్బర్ ప్రాంతాల నియోజకవర్గాల్లో దాటింది. అందువల్ల 117 మందిలో ఇద్దరు ఆ వర్గానికి దక్కారు. రాష్ట్ర శాతం చూసి సున్నా అని రాసుకున్నవారి పట్టిక ఆ రాత్రే తప్పయింది.

నియోజకవర్గంలోని డెలిగేట్ల సంఖ్య సరియా బేసియా అన్నది కూడా చూడండి. ఇద్దరే పోటీలో ఉండి, నలుగురు డెలిగేట్లున్న చోట 60 శాతం, 40 శాతం ఓట్లు వస్తే వాటాలు 2.4, 1.6. పంపకం ఇద్దరికీ చెరి ఇద్దరు. ముగ్గురిని తెచ్చుకోవాలంటే 62.5 శాతం దాటాలి. అదే ఐదుగురున్న చోట 51 శాతం చాలు, 3–2 అవుతుంది. నా దృష్టిలో ఈ పద్ధతి మొత్తంలో అత్యంత ఆసక్తికరమైన భాగం ఇదే, ప్రచార బృందాలు డబ్బు, మనుషులు ఎక్కడ పెట్టాలో దీన్ని చూసే నిర్ణయిస్తాయి. 2008 ఫిబ్రవరి 5న హిల్లరీ క్లింటన్ పది లక్షల మందికి పైగా ఓటు వేసిన న్యూజెర్సీని గెలిచి 59 మందిని తెచ్చుకోగా బరాక్ ఒబామాకు 48 మంది వచ్చారు, తేడా 11. అదే రోజు పాతిక వేల మంది కూడా రాని ఐడహో కాకస్‌లో ఒబామాకు 15, క్లింటన్‌కు 3, తేడా 12. న్యూజెర్సీలో గెలిచిన ఆధిక్యాన్ని ఐడహో ఒక్కటే మింగేసింది. ఐడహోను క్లింటన్ బృందం పెద్దగా పట్టించుకోలేదు, ఒబామా బృందం పట్టించుకుంది.

5. ప్రతి పోటీ తర్వాత ‘ఇంకా ఎంత శాతం కావాలి’ అన్నది లెక్కించండి

పట్టికలో తేదీ, రాష్ట్రం, అభ్యర్థులవారీ డెలిగేట్లు, అప్పటివరకు మొత్తం, ఇంకా మిగిలినవారి సంఖ్య అనే వరుసలు ఉంచండి. వాటి పక్కన మరో వరుసలో లక్ష్యం నుంచి ఇప్పటికున్న సంఖ్యను తీసివేసి, దాన్ని మిగిలినవారి సంఖ్యతో భాగించి, నూరుతో హెచ్చించండి. లక్ష్యం 1,215, ఒకరి వద్ద 600, మరొకరి వద్ద 300, ఇంకా 1,500 మంది మిగిలారనుకుందాం. మొదటివారికి కావలసింది మిగిలినవారిలో 41 శాతం, రెండోవారికి 61 శాతం. గెలిచినవారికే అన్నీ ఇచ్చే రాష్ట్రాలు ముందుంటే 61 శాతం సాధ్యమే. 15 శాతం గీతతో పంచే డెమోక్రటిక్ పోటీలో అది దాదాపు మూసుకుపోయిన దారి. ఆధిక్యం ఎంతో చెప్పే అంకెకంటే ఈ శాతమే నిజమైన పరిస్థితిని చెబుతుంది.

పోటీ నుంచి తప్పుకున్నవారి డెలిగేట్లను మీకు తోచినట్టు ఇతరులకు బదిలీ చేయకండి. వారు ఎవరికి వెళ్తారన్నది పార్టీ, రాష్ట్ర నిబంధనలపై ఆధారపడి ఉంటుంది. మద్దతు ప్రకటించడం వేరు, డెలిగేట్లు చేతులు మారడం వేరు.

6. ఫలితాల రాత్రి తొందరపడకండి

టీవీ చానెల్ లేదా వార్తాసంస్థ ‘గెలిచారు’ అని ప్రకటించేది తమ అంచనా మాత్రమే. దాన్ని పట్టికలో పెన్సిల్‌తో రాయండి, అధికారిక ధ్రువీకరణ వచ్చాక పెన్నుతో దిద్దండి. కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో పోలింగ్ రోజు నాటి పోస్టల్ ముద్ర ఉన్న బ్యాలట్లు తర్వాత వారం లోపు చేరినా లెక్కిస్తారు, కాబట్టి అంకెలు వారాలపాటు కదులుతూనే ఉంటాయి. 2020 ఫిబ్రవరి 3 నాటి అయోవా డెమోక్రటిక్ కాకస్‌లో ఫలితాలు పంపే యాప్ పనిచేయక రోజుల తరబడి స్పష్టత రాలేదు. చివరికి ఓట్ల సంఖ్యలో బెర్నీ శాండర్స్ ముందున్నా, డెలిగేట్లలో పీట్ బుటిజెజ్ 14, శాండర్స్ 12 అయ్యారు. రెండు వేర్వేరు కొలతలు ఒకేసారి విడుదలైనప్పుడు మీ పట్టికకు ఏది కావాలో గుర్తుంచుకోండి.

7. సదస్సు వరకు పుస్తకం మూసేయకండి

ఎవరికి ఎంతమంది అన్నది ప్రైమరీలో తేలుతుంది. ఆ కుర్చీలో కూర్చునే మనిషి ఎవరన్నది చాలా రాష్ట్రాల్లో తర్వాత జరిగే జిల్లా, రాష్ట్ర పార్టీ సమావేశాల్లో తేలుతుంది. మొదటి విడతలో మెజారిటీ వస్తే ఈ తేడాకు పెద్ద ప్రాధాన్యం ఉండదు. రాకపోతే అదే అసలు విషయమవుతుంది, ఎందుకంటే రిపబ్లికన్ డెలిగేట్లలో చాలామంది మొదటి విడత తర్వాత తమ రాష్ట్ర నిబంధనల మేరకు స్వేచ్ఛ పొందుతారు, డెమోక్రటిక్ సదస్సులో సూపర్ డెలిగేట్లు రెండో విడత నుంచి ఓటు వేస్తారు. 1952లో డెమోక్రట్లు ఎడ్లై స్టీవెన్‌సన్‌ను మూడో విడతలో ఎన్నుకున్న తర్వాత రెండు పార్టీల్లో ఏ సదస్సూ రెండో విడత వరకు వెళ్లలేదు. 1976లో కాన్సాస్ సిటీలో జెరాల్డ్ ఫోర్డ్ రొనాల్డ్ రీగన్‌ను 1,187–1,070 తేడాతో మొదటి విడతలోనే ఓడించారు.

2024 జులై 21న బైడెన్ తప్పుకున్నప్పుడు పాఠకులు ఎక్కువగా అడిగింది, ఆయనకు వచ్చిన దాదాపు 3,900 మంది డెలిగేట్లు కమలా హారిస్‌కు ఎలా వెళ్లారని. వారు ఆమెకు బదిలీ కాలేదు. కట్టుబడవలసిన అభ్యర్థి లేనందున స్వేచ్ఛ పొందారు, తమంతట తాము ఆమెకు మద్దతు తెలిపారు. పోటీలో నిలవాలంటే 300 మంది డెలిగేట్ల సంతకాలు కావాలన్న షరతును ఆమె తప్ప ఇంకెవరూ నెరవేర్చలేదు. ఆగస్టు 1 నుంచి 5 వరకు ఆన్‌లైన్‌లో ఓటింగ్ జరిగింది, ఆగస్టు 19న షికాగోలో మొదలైన సదస్సు నాటికి అభ్యర్థిత్వం ఖరారై ఉంది.

ఉపాధ్యక్ష అభ్యర్థికి ప్రైమరీలు ఉండవు. అధ్యక్ష అభ్యర్థి ఎంచుకున్న పేరును సదస్సు ఆమోదిస్తుంది. 2024 జులై 15న ట్రంప్ జేడీ వాన్స్‌ను ప్రకటించాక, ఆయన భార్య ఉషా చిలుకూరి పూర్వీకుల ఊరైన పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు పేరు మన పత్రికలన్నిటిలో వచ్చింది. వాన్స్‌ను ఎన్నుకున్నదెవరని అప్పుడు అడిగినవారికి సమాధానం ఇదే.

8. మీరు అమెరికా పౌరులైతే: ఓటు వేసే ముందు

అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక ముందు చెబుతాను. ప్రైమరీలో ఓటు హక్కు పౌరులకే. గ్రీన్‌కార్డు, హెచ్-1బి, ఎఫ్-1 ఉన్నవారు ఓటు వేయడం నేరం, దేశ బహిష్కరణకు దారి తీయవచ్చు. డ్రైవింగ్ లైసెన్సు కార్యాలయంలో ఇచ్చే ఫారంలో పౌరుడినని పొరపాటున టిక్కు పెట్టినా భవిష్యత్తులో పౌరసత్వ దరఖాస్తుకు పెద్ద అడ్డంకి కావచ్చు. పిల్లలకు, తల్లిదండ్రులకు లైసెన్సు తీసే రోజున ఆ గడిని మీరే స్వయంగా చూడండి. ఎన్నికల విరాళాలు గ్రీన్‌కార్డు ఉన్నవారు ఇవ్వవచ్చు, హెచ్-1బి, ఎఫ్-1 వారు ఇవ్వకూడదు.

పౌరులైనవారు తమ రాష్ట్రపు పద్ధతి తెలుసుకోవాలి. టెక్సస్‌లో ఓటరు నమోదులో పార్టీ ఉండదు, పోలింగ్ రోజున ఏదో ఒక పార్టీ బ్యాలట్ అడిగి తీసుకోవచ్చు, కానీ ఒక పార్టీ ప్రైమరీలో ఓటు వేసి మరో పార్టీ రెండో దశ పోలింగ్ అయిన రనాఫ్‌లో వేయలేరు. పెన్సిల్వేనియా, ఫ్లోరిడా, న్యూయార్క్‌లలో ముందే ఆ పార్టీ సభ్యులుగా నమోదై ఉంటేనే ఓటు. న్యూజెర్సీలో ఏ పార్టీలోనూ నమోదు కానివారు పోలింగ్ రోజున పార్టీ ఎంచుకోవచ్చు, ఇప్పటికే ఒక పార్టీలో ఉన్నవారు మారాలంటే 55 రోజుల ముందే మారాలి. గడువులు ఎన్నికకు ఎన్నిక మారవచ్చు కనుక కౌంటీ ఎన్నికల కార్యాలయం పేజీలోనే చూసుకోండి.

కాలిఫోర్నియావారు ఒక విషయం గమనించండి. ఏ పార్టీకీ చెందనని చెప్పదలచినవారు పొరపాటున ‘అమెరికన్ ఇండిపెండెంట్ పార్టీ’ని ఎంచుకోవడం అక్కడ తరచుగా జరుగుతుంది. పేరులో ‘ఇండిపెండెంట్’ ఉన్నా అది నమోదైన ఒక రాజకీయ పార్టీ. అందులో ఉన్నవారికి ఆ పార్టీ బ్యాలటే వస్తుంది. ఏ పార్టీ వద్దనుకుంటే ‘నో పార్టీ/నన్’ అని ఉన్న గడిని ఎంచుకోండి. అలా నమోదైనవారిని 2024లో డెమోక్రటిక్ పార్టీ తన బ్యాలట్ అడిగి తీసుకోనిచ్చింది, రిపబ్లికన్ పార్టీ తన సభ్యులకే పరిమితం చేసింది.

పోస్టల్ బ్యాలట్ కవరుపై సంతకం మన తెలుగువారికి తరచుగా ఇబ్బంది తెచ్చే చోటు. చాలా రాష్ట్రాల్లో ఆ సంతకాన్ని లైసెన్సుపై లేదా నమోదు ఫారంపై ఉన్నదానితో పోల్చి చూస్తారు. లైసెన్సుపై తెలుగులో సంతకం చేసి కవరుపై ఇంగ్లిషులో చేస్తే తేడా పడుతుంది. ఇంటిపేరు ముందు, పేరు తర్వాత రాసే మన అలవాటు వల్ల పాస్‌పోర్టులో ఒక వరుస, పౌరసత్వ పత్రంలో మరో వరుస ఉండి నమోదు వివరాలు సరిపోలకపోవచ్చు. ప్రైమరీకి రెండు నెలల ముందే ఆన్‌లైన్‌లో మీ నమోదును తెరిచి పేరు, చిరునామా, పార్టీ మూడూ సరిచూసుకోండి.

ముందుగా ఓటు వేయడం సౌకర్యమే గానీ ప్రైమరీలో దానికి ఒక నష్టం ఉంది. చాలా రాష్ట్రాల్లో ఒకే రోజు ఓటింగ్ జరిగిన 2020 సూపర్ ట్యూస్‌డేకు రెండు రోజుల ముందు బుటిజెజ్, ఒక రోజు ముందు ఎమీ క్లోబషార్ తప్పుకున్నారు. అప్పటికే వారికి ఓటు వేసి పంపినవారు దాన్ని వెనక్కి తీసుకోలేకపోయారు. పోటీలో చాలామంది ఉంటే బ్యాలట్‌ను చివరి వారం వరకు ఇంట్లో ఉంచుకుని, స్వయంగా డ్రాప్ బాక్సులో వేయండి లేదా పోలింగ్ రోజునే వెళ్లండి.

హైదరాబాద్, విజయవాడల్లో ఉంటున్న అమెరికా పౌరులు విదేశాల నుంచి బ్యాలట్ కోరే దరఖాస్తు అయిన ఫెడరల్ పోస్ట్ కార్డ్ అప్లికేషన్‌ను ప్రతి ఎన్నికల సంవత్సరం జనవరిలోనే పంపాలి. డెమోక్రట్లకు ఇంకో మార్గం ఉంది, విదేశాల్లోని సభ్యులకు డెమోక్రాట్స్ అబ్రాడ్ నిర్వహించే ప్రైమరీకి సొంత డెలిగేట్లు ఉంటారు. అధ్యక్ష అభ్యర్థి కోసం సొంత రాష్ట్రంలోనూ ఇందులోనూ రెండుసార్లు ఓటు వేయకూడదు.

లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడం

ఒక రాష్ట్రం పేజీ పూర్తయ్యాక అభ్యర్థులకు పంచిన మొత్తం ఆ రాష్ట్ర డెలిగేట్ల సంఖ్యతో సరిపోవాలి. ఒకటి తక్కువైతే ముందుగా గుండ్రం చేసిన శాతాలను అనుమానించండి. రెండు మూడు తేడా వస్తే నియోజకవర్గాల ఫలితాలు కలపలేదేమో చూడండి. రిపబ్లికన్ పట్టికలో సరిగ్గా ముగ్గురు తేడా వస్తే, చాలాసార్లు అది ఆ రాష్ట్రపు జాతీయ కమిటీ సభ్యులు ముగ్గురిని ఏ వరుసలో వేయాలన్న గందరగోళమే. పెద్ద తేడా వస్తే నిబంధన తప్పుగా చదివినట్టు, 50 శాతం గీత ఉందేమో తిరిగి చదవండి.

మీ లెక్కను ఏదైనా ఒక పెద్ద వార్తాసంస్థ డెలిగేట్ల పట్టికతో పోల్చండి, కానీ రెండు వార్తాసంస్థల మధ్యే తేడా ఉంటే కంగారు పడకండి. ఒకరు సూపర్ డెలిగేట్లను కలుపుతారు, ఇంకొకరు కలపరు. ఒకరు ఖరారు కాని నియోజకవర్గాలను వదిలేస్తారు. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఇచ్చే వివరణలో ఆ తేడా రాసి ఉంటుంది.

2024 అంకెలను 2028కి వాడకండి. రిపబ్లికన్ రాష్ట్ర శాఖలు తమ నిబంధనలను జాతీయ కమిటీకి అందజేయడానికి గత ఎన్నికలో గడువు 2023 అక్టోబరు 1. దానికి ముందు వచ్చిన క్యాలెండర్లన్నీ ముసాయిదాలే. కొత్త పుస్తకాన్ని 2027 శరదృతువులో తెరిచి, మొదటి పేజీలో లక్ష్య సంఖ్య గడిని ఖాళీగా ఉంచి, రెండు పార్టీలూ తుది సంఖ్య ప్రకటించాక నింపండి.